బుడగల కరెంటు, అబ్బా బండి

మా ఆయన చొక్కాలన్నిటికీ చిల్లులే. ఉతికేటప్పుడు కనపడవు. ఆరేశాక ఎండకి పట్టి చూస్తే జల్లెడే. బ్యాటరీ యాసిడ్ చేసే పని అది. ఆత్మకూరు బస్టాండు పక్కన ఆయనకి బ్యాటరీల అంగడి ఉండేది. లారీలవి, ట్రాక్టర్లవి, పెళ్ళిళ్ళకి మైకు కట్టేవాళ్ళవి, అన్ని బ్యాటరీలూ చార్జింగుకి అక్కడికే వచ్చేవి. పూర్తిగా చచ్చిపోయిన బ్యాటరీని కూడా విప్పి, లోపలి ప్లేట్లు మార్చి, మళ్ళీ లేపి కూర్చోబెట్టేవాడు. ఊరందరికీ ఆయన బ్యాటరీ సాయిబు. అంగడి వెనక గదే మా ఇల్లు. మధ్యలో ఒక పరదా. నేను చదివింది ఐదో తరగతి దాకానే గానీ, ఆ పరదా వెనక వంట చేసుకుంటానే బ్యాటరీ సంగతులు సగం నేర్చుకున్నాను.

ఇంట్లో మా మాటలన్నీ ఉర్దూలోనే. నాకు రాయడం వచ్చింది తెలుగే కాబట్టి, అందరి మాటలూ తెలుగులోనే చెప్తున్నా.

నా పుట్టిల్లు ఉదయగిరి. మా అబ్బా, అంటే మా నాయన, కొయ్య గరిటెలు చెక్కేవాడు. కొండ మీది నర్ది చెక్కతో గరిటెలు, స్పూన్లు, దువ్వెనలు చేసి వింజమూరు అంగళ్ళకి ఇచ్చేవాడు. చెక్కడం ఆయన పని. నున్నగా రుద్ది నూనె పట్టించడం అమ్మదీ, నాదీ. మెత్తటి గుడ్డని కొబ్బరినూనెలో ముంచి, చెక్క ఇక తాగను అనేదాకా పట్టించాలి. నూనె పెట్టని వస్తువు మా గడప దాటేది కాదు. "నూనె పెట్టకుండా ఇస్తే, తల దువ్వకుండా బిడ్డని బడికి పంపినట్టు" అనేవాడు అబ్బా. పక్కింటివాళ్ళు తమ పీటకి కాలు సరిచేయమని ఇచ్చినా సరే, కాలు సరిచేసి, పీటంతా నూనె పెట్టి ఇచ్చేవాడు.

చెక్క మాత్రం తానే ఏరుకోవాలి. కొండ కిందికి పోయి, కట్టెలవాళ్ళు దించిన కొమ్మల దగ్గర గొంతుక్కూర్చొని, ఒక్కోదాన్నీ గోటితో కొట్టి వినేవాడు. వాసన చూసేవాడు. ఒక్కోసారి నాలుక కొసకి కూడా తగిలించేవాడు. పది కొమ్మలు చూస్తే రెండు నచ్చేవి. ఆ రెండింటికే పూట గడిచిపోయేది.

నా పెళ్ళయిన రెండేళ్ళకి, డెబ్బైల చివర్లో, అబ్బా కొండ మీంచి జారి పడ్డాడు. తుంటి దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది గానీ ఆ కాలు మళ్ళీ ఆయన మాట వినలేదు. చేతికర్రతో వాకిట్లోకి రావడమే గొప్ప. చెక్క వేరేవాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. దాన్ని ఒకసారి గోటితో కొట్టి, "ఇది పొయ్యిలోది" అని పక్కన పడేసేవాడు. ఒకసారి ఎద్దులబండి కట్టించుకొని పోయాడు. రెండు కొమ్మలు చూసేసరికి బండివాడు "సాయిబూ, పొద్దు పోతా ఉండాది" అని తొందరపెట్టాడంట. మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. తర్వాత మా ఆయనే నెల్లూరులో ఒక పాత మూడు చక్రాల బండి చూసి తెచ్చాడు. చేత్తో తిప్పుకుంటూ పోయేది. అబ్బా దాని మీద కొండ కిందికి పోయాడు, చెక్క ఏరుకొని వచ్చాడు. వచ్చి ఉలి పట్టుకుంటే చేతులు గజగజా వణికాయి. అంత దూరం ఎగుడు దారిలో తిప్పిన చేతులు మరి. ఆ రోజూ, మరుసటి రోజూ ఉలి నిలవలేదు.

ఒక నెల తర్వాత అమ్మ ఆత్మకూరు వచ్చింది. కూర్చోకముందే చెప్పింది. "మీ అబ్బా పనిముట్లన్నీ మూట కట్టి అటక మీద పెట్టినాడు. చెక్క నేను ఏరుకోలేనప్పుడు చెక్కేది ఎందుకన్నాడు. పొద్దస్తమానం గోడకి ఆనుకోని కూర్చోనుండాడు. నాకు భయంగా ఉండాది."

మా ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు. "ఆ బండికే మోటారు పెడతా. మామ చేతులు తిప్పే పని లేకుండా చేస్తా" అన్నాడు.

"పెట్రోలు మోటారా?" అంది అమ్మ.

"మన ఇంట్లో పెట్రోలు యాడుండాది? బ్యాటరీదే."

అనడమైతే అనేశాడు. తర్వాత లెక్కలు మొదలయ్యాయి. బండి పోవచ్చు. బ్యాటరీ దిగిపోతే? ఉదయగిరిలో మాకు చార్జింగు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఒకటి రెండుసార్లు కొండకి పోయొచ్చాక బ్యాటరీని బస్సెక్కించి ఆత్మకూరు తేవాలి, రాత్రంతా చార్జింగు పెట్టి మళ్ళీ పంపాలి. ఈ బాధే ఆయన రోజూ సాయంత్రం పేపరు చదవడానికి అంగడికి వచ్చే హైస్కూలు సైన్సు అయ్యవారికి చెప్పుకున్నాడు. అయ్యవారు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఏ మాటకీ వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. పేపరు మడిచి, చార్జింగులో ఉన్న బ్యాటరీ వైపు చూపించాడు.

"సాయిబూ, ఆ బుడగలేంది?"

"గ్యాసు సార్. దగ్గర్లో బీడీ ముట్టిస్తే పేలతాది. ఒకసారి నా కనుబొమ్మలు రెండూ పోయినాయి. ఆయమ్మ నన్ను చూసి వారం నవ్వింది."

నేను పరదా వెనక నుంచి, "పది రోజులు" అన్నాను.

"ఆ బుడగలు రెండు రకాల గ్యాసు" అన్నాడు అయ్యవారు. "నువ్వు కరెంటు పెడితే నీళ్ళు విడిపోయి ఆ రెండూ అయినాయి. వాటిని మళ్ళీ కలిపితే?"

"చెప్పినా గదా సార్, పేలతాయి."

"మంట పెడితే పేలతాయి. మంట లేకుండా, రెండిటి మధ్యా ఒక అడ్డం పెట్టి, నిదానంగా కలవనిస్తే, నువ్వు పెట్టిన కరెంటులో కొంత నీకు తిరిగిచ్చి మళ్ళీ నీళ్ళయి కూర్చుంటాయి. దాన్ని ఫ్యూయల్ సెల్ అంటారు. చంద్రుడి మీదికి పోయినవాళ్ళు కరెంటుకి దాన్నే తీసకపోయినారు. దాంట్లోంచి కారిన నీళ్ళే తాగినారు."

మా ఆయన బ్యాటరీ దగ్గరికి పోయి వంగి చూశాడు. ఇన్నేళ్ళుగా పైకి పోతుంటే చూస్తూ ఊరుకున్న బుడగలాయె.

నేను టీ ఇవ్వడానికి పరదా తీసి అడిగాను. "అయ్యోరా, బ్యాటరీ అంటే పొద్దున వండి పెట్టుకున్న అన్నం గిన్నె. తినేస్తే అయిపోయె. మళ్ళీ వండిందాకా పస్తే. మీరు చెప్పేది పొయ్యి మాదిరి. బియ్యం పోస్తా ఉంటే వండతానే ఉంటాది. అంతేనా?"

అయ్యవారు టీ గ్లాసు కింద పెట్టాడు. "రేపు క్లాసులో ఇదే చెప్తా" అన్నాడు. మా ఆయన ఆ మాటని ఏడాది పాటు లారీ డ్రైవర్లందరికీ చెప్పుకున్నాడు.

మర్నాడు అయ్యవారు అది చేసి చూపించాడు. చచ్చిపోయిన టార్చి సెల్లులు రెండు పగలగొట్టి, లోపల ఉండే నల్లటి కడ్డీలు తీశాడు. గాజు గ్లాసులో నీళ్ళు, కాస్త యాసిడ్. కడ్డీలు రెండూ ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి బ్యాటరీ కరెంటు ఇచ్చాడు. రెండు కడ్డీలకీ సన్నటి బుడగలు పట్టుకున్నాయి. కాసేపయ్యాక బ్యాటరీ తీసేసి, ఆ వైర్లు కరెంటు చూపే మీటరుకి తగిలించాడు. బ్యాటరీ లేదు, ఏమీ లేదు. మీటరు ముల్లు లేచింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇరవై దాకా నిలబడి, మెల్లిగా పడిపోయింది. మా ఆయన మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో టీలు అయిపోయాయి గానీ ఆయన ముచ్చట తీరలేదు.

"మరి బండ్లకి ఎందుకు పెట్టలేదు సార్?"

"ఆ కడ్డీలకి పూయాల్సిన లోహం బంగారం కంటే ఎక్కువ రేటు. గ్యాసు నింపాలంటే ఇనప బుడ్డి మామూలు బరువు కాదు. పోనీ, గ్యాసు చేసుకుందామంటే మళ్ళీ కరెంటే కావాల."

"అన్నీ కుదిరితే?"

"కుదిరితే పోసుకున్నంతసేపు పోతాది. పొగ రాదు, మోత రాదు. వెనక నీళ్ళ బొట్లు పడతాయి. ఎప్పుడని మాత్రం నన్నడగొద్దు."

మా ఆయనకి అది చాలు. లారీ డ్రైవరు ఎవరొచ్చినా, "నీ డీజిల్ ఇంక ఎన్నాళ్ళు? నీళ్ళు కార్చుకుంటా పోయే లారీ వస్తాది" అనేవాడు.

"మా లారీ ఇప్పుడే కారుస్తా ఉండాది సాయిబూ, రేడియేటరు పోయి. నువ్వు ముందు బ్యాటరీకి చార్జి ఎక్కించు" అని ఒక డ్రైవరు అంటే అంగడంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు.

ఉదయగిరి పోయినప్పుడు అబ్బాకి కూడా చంద్రుడి సంగతి, నా పొయ్యి పోలిక చెప్పి, ఆ గ్లాసు, కడ్డీలు, మీటరు చూపించాడు. అబ్బా గోడకి ఆనుకొనే, ముల్లు లేవడం, పడిపోవడం చూశాడు.

"ఎంతసేపు నిలిచింది?"

"ఇరవై లెక్కపెట్టేదాకా మామా."

"నేను పోవాల్సింది కొండ దాకా అల్లుడా. ఇరవై లెక్కపెడితే మన ఈధి మలుపు కూడా రాదు." అన్నాడు గానీ, మీటరు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. అటక మీదికి మూట పోయాక ఆయన ఏదైనా చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారని అమ్మ నాతో మెల్లిగా చెప్పింది.

ఇక బ్యాటరీ బండే దిక్కు. పాత కారు డైనమో ఒకటి దొరికింది. కారులో అది తిరిగితే కరెంటు ఇస్తుంది, మనం కరెంటు ఇస్తే అదే తిరుగుతుంది. ఉదయగిరి పోయి, దాన్ని సైకిల్ చైనుతో బండి చక్రానికి కలిపి వచ్చాడు. బ్యాటరీకి పాత లారీది ఒకటి విప్పాడు. ప్లేట్లు బాగానే ఉన్నాయి గానీ, ప్లేటుకీ ప్లేటుకీ మధ్య పెట్టే పల్చటి చెక్కలు మాడిపోయాయి. ఆ చెక్కలు ప్లేట్లని ఒకదానికొకటి తగలనియ్యవు, యాసిడ్‌ని మాత్రం పీల్చి అటూ ఇటూ పోనిస్తాయి. నెల్లూరు నుంచి రావాలి, సరుకు లేదన్నారు. ఆ మాట బస్సు డ్రైవరు నోట ఉదయగిరి చేరింది. మూడో రోజుకి అబ్బా నుంచి కబురు. "చెక్కకి అల్లుడు నెల్లూరు మొహం చూడాల్నా? కొలత పంపించు."

మా ఆయన ఒక పాత చెక్క ముక్క పంపాడు. బ్యాటరీలో ఆరు గదులు, ఒక్కో గదికి పన్నెండు చెక్కలు, మొత్తం డెబ్బై రెండు.

అమ్మ తర్వాత చెప్పింది. కబురు అందిన పూటే మూట దించమన్నాడంట. ఇంట్లో మిగిలిన చెక్కల్లో తెల్లటిది, మెత్తటిది ఏరి, పది రోజులు తల ఎత్తలేదంట. అవి బిస్కెట్ డబ్బాలో వచ్చాయి. తమలపాకు మందాన ఉన్నాయి, ఒకవైపు నిలువుగా చెక్కిన గాడులు. డెబ్బై రెండూ పేర్చితే అంచు మీద వేలికి ఎగుడుదిగుడు తగల్లేదు. తళతళా మెరిసిపోతున్నాయి. డబ్బా మూత తీయగానే నా పుట్టింటి వాసన కొట్టింది. నేను ఆ డబ్బాని మొహం దగ్గర పెట్టుకొని కాసేపు కూర్చున్నాను. ఆ వాసన ఏందని ఆలోచించాల్సినదాన్ని నేను. ఆలోచించలేదు. మా ఆయన మామగారి పనితనం చూస్తూ ఆయన లోకంలో ఆయనున్నాడు.

బ్యాటరీ కట్టాడు. చార్జింగు పెడితే బుడగలు తొందరగా వచ్చేశాయి, బ్యాటరీ వేడెక్కింది, యాసిడ్ చిక్కదనం చూసే గాజు గొట్టంలో బెండు పైకి లేవనంది. ప్లేట్లు పాతవి కదా, ఇంతేలే అనుకున్నాడు. శుక్రవారం వస్తామని ఉదయగిరికి మాట ఇచ్చి ఉన్నాం మరి.

బస్సులో కండక్టరు బ్యాటరీని చూసి, "సాయిబూ, దాన్ని పైన పెట్టు. నా చొక్కా నీ చొక్కా మాదిరి అయిందంటే మా ఇంట్లో నన్ను రానీరు" అన్నాడు.

అబ్బా తెల్ల టోపీ పెట్టుకొని, కొత్త లుంగీ కట్టుకొని వాకిట్లో కూర్చొని ఉన్నాడు. వీధిలో అందరూ వచ్చారు. బండి మీద కూర్చోబెట్టి, బ్యాటరీ తగిలించి, మా ఆయన స్విచ్ నొక్కాడు. డైనమో మూలిగింది. బండి రెండు అడుగులు కదిలి నిలబడిపోయింది. మళ్ళీ నొక్కితే మూలుగు కూడా రాలేదు.

ఎదురింటి ముసలాయన, "ఇది బండి కాదు, కొత్త పెండ్లికూతురు. రెండడుగులేసి నిలబడతా ఉండాది, తోడు ఎవురన్నా పోండి" అన్నాడు. అందరూ నవ్వారు. అబ్బా కూడా నవ్వబోయి ఆగాడు.

"చెక్కలు నావి. తప్పు వాటిల్దేమో చూడు అల్లుడా."

"చెక్కలు బంగారం మామా. యాసిడ్ బాగలేదు. అదే."

"అట్టనా" అన్నాడు అబ్బా. బండి దిగి, కర్ర పట్టుకొని లోపలికి పోయాడు. మేము బస్సెక్కేటప్పటికి మూట మళ్ళీ అటక మీద ఉంది.

ఆత్మకూరు వచ్చాక మా ఆయన బ్యాటరీ విప్పాడు. నన్ను పిలిచాడు. యాసిడ్ మీద రంగురంగుల తెట్టు తేలుతోంది. ఒక చెక్క బయటికి తీస్తే, యాసిడ్ దాని మీద ముత్యాలు ముత్యాలుగా జారిపోయింది తప్ప లోపలికి ఇంకలేదు. ఆయన ముక్కు దగ్గర పెట్టుకొని నా వైపు చూశాడు.

"కొబ్బరినూనె" అన్నాను. "అబ్బా దీనికి తల దువ్వి పంపినాడు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఆయనే నవ్వాడు. తర్వాత నేను. కళ్ళ నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, మళ్ళీ చేతిలోని చెక్క వైపు చూశాం. పది రోజులు అబ్బా ఒక్కో చెక్కకీ రెండువైపులా గుడ్డతో నూనె పట్టించి ఉంటాడు. ఇక తాగను అనేదాకా.

"ఈ మాట మామకి తెలవకూడదు" అన్నాడు ఆయన.

"నెల్లూరు చెక్కలు వచ్చిందాకా ఆగుదామా?"

"ఆ బండిలో ఈ చెక్కలే ఉండాల. వేరేవి పెడితే ఆయన ఎక్కేది నా బండి అయితాది, ఆయన బండి గాదు."

నాకు నూనె పెట్టడం ఎంత తెలుసో, తీయడమూ అంతే తెలుసు. పెళ్ళి బిర్యానీ డేగిసాలు కడగని ఆడది మా వీధిలో ఉండదు. జిడ్డు వదలకపోతే బట్టల సోడా వేసి కాచడమే. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, సోడా పోసి, చెక్కలన్నీ వేశాను. కాసేపటికి నురగ తేలింది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కాచాను. మూడో నీళ్ళకి నురగ ఆగింది. తర్వాత ఆరేడు మంచినీళ్ళలో ముంచి తీశాను. చెక్కల మెరుపంతా పోయింది. మా అబ్బా చేతి పనిని నేనే చెరిపేస్తున్నట్టు అనిపించింది. అయ్యవారు వచ్చి చూసి, "ఫ్యాక్టరీల్లో కూడా చెక్కని సోడాలో కాచే వాడతారమ్మా. ఆరనియ్యకుండా నీళ్ళలోనే ఉంచు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ ఫ్యూయల్ సెల్లులో కూడా తిప్పలన్నీ మధ్యన పెట్టే ఆ అడ్డంతోనే. ఏది పోనివ్వాల్నో దాన్ని పోనివ్వాల, ఏది ఆపాల్నో దాన్ని ఆపాల. అది దొరకబట్టేదానికి వాళ్ళు ఇంకా తన్నుకుంటా ఉండారు."

అవే చెక్కలతో, కొత్త యాసిడ్‌తో బ్యాటరీ కట్టి చార్జింగు పెడితే, ఈసారి గాజు గొట్టంలో బెండు నిటారుగా లేచింది.

రెండోసారి మేము ఉదయగిరి పోయినప్పుడు అబ్బా టోపీ పెట్టుకోలేదు. వాకిట్లో ఎవరూ లేరు. "మీ సంతోషానికి కూర్చుంటా" అని బండి ఎక్కాడు. స్విచ్ నొక్కితే బండి కదిలింది. వీధి మలుపు దాటింది. ఎదురింటి ముసలాయన అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. ఒకవైపు హ్యాండిల్ పట్టుకొని మా ఆయన, ఒకవైపు నేను, మనిషి నడిచే నడకతో కొండ దారి పట్టాం. అబ్బా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నేను ఆ చేతులనే చూస్తూ నడిచాను.

కొండ కింద కట్టెలవాళ్ళు కొమ్మలు దించి ఉన్నారు. అబ్బాని కింద కూర్చోబెట్టాం. గోటితో కొట్టి వినడం, వాసన చూడడం, పక్కన పెట్టడం. ఎండ నెత్తి మీదికి వచ్చింది, దిగింది. ఎవరూ ఆయన్ని పోదాం అనలేదు. మూడు కొమ్మలు నచ్చాయి. వాటిని బండి మీద పెట్టుకొని తిరిగి వస్తుంటే, ఊరి మొదట్లో బండి మెల్లగా మెల్లగా నీరసపడి ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోయింది. మా ఆయన మొహం చిన్నబోయింది. ఇద్దరం వెనక నుంచి తోయడం మొదలుపెట్టాం.

"ఆ చంద్రుడి మీది పొయ్యి ఉండుంటే, ఇక్కడ ఇంత గ్యాసు పోసుకోని పోయుండేవాళ్ళం గదా అల్లుడా?" అన్నాడు అబ్బా ముందుకి చూస్తూనే.

"పోయుండేవాళ్ళం మామా."

"ఎప్పుడొస్తాది?"

"వస్తాది మామా. అయ్యోరు కూడా ఎప్పుడని చెప్పలేదు. దాంట్లో మధ్యన పెట్టే అడ్డం ఇంకా కుదరలేదంట."

"దానికి కూడా చెక్కలు కావాలంటే చెప్పు. ఈసారి నూనె పెట్టన్లే."

మా ఆయన తోయడం ఆపేశాడు. బండి ఆగింది. నేను నేల చూశాను.

"ఎవురు చెప్పినారు మామా?"

"ఎవురు చెప్పాల? యాసిడ్ బాగలేదన్నావు. బాగలేని సరుకు ఇచ్చినోడిని నువ్వు తిట్టకుండా ఊరుకునే మనిషివా? ఆ పొద్దు నువ్వు ఎవురినీ తిట్టలే. ఇంక తిట్టకూడనోడు నేనే గదా. నా కాడ నూనె తప్ప ఏముండాది?" అబ్బా వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "సోడాలో కాచినావా బేటీ?"

"మూడు నీళ్ళు" అన్నాను.

"చెక్క పగల్లేదా?"

"ఒక్కటి కూడా పగల్లేదు అబ్బా."

"పగలదు" అన్నాడు. గొంతులో గర్వం దాచుకోలేదు. "సరే, తొయ్యండి. నిదానంగా తొయ్యండి, కొమ్మలు పచ్చివి, అదిరితే చీలతాయి."

ఆ తర్వాత చానా ఏళ్ళు, ఎనభైల్లో కూడా, ఆ బ్యాటరీ ఆత్మకూరుకీ ఉదయగిరికీ మధ్య బస్సు మీద తిరుగుతూనే ఉండింది. కండక్టరు మమ్మల్ని చూస్తే, "ఏం సాయిబూ, నీళ్ళు కార్చే సెల్లు రాలేదా ఇంకా?" అని అడిగి, పైన చోటు చూపించేవాడు. రాలేదు మరి. మా ఆయన మాత్రం అంగడిలో ఒక గ్లాసు, రెండు నల్ల కడ్డీలు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకొని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ముల్లు లేపి చూపించేవాడు.

ఆ రోజు మేము బండిని ఇంటి దాకా తోసుకొచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. అబ్బా బండి దిగకుండానే చెయ్యి చాచాడు.

"అటక మీది మూట ఇట్ట అందుకో" అన్నాడు.